ఎదురుచూడని పెళ్ళికూతురు

వెరాక్రూజ్ రేవు,
సెప్టెంబరు 12

తమ్ముడు అన్సెల్మోకి,

ఇక్కడ నేను క్షేమం. నేను చచ్చిపోయానని మన ఊరి చర్చిలో అనుకుంటున్నారట, అయినా క్షేమమే. నువ్వూ క్షేమమని తలుస్తాను.

ముందు మంచి కబురు. నికానోర్ పక్కన నేను దిగిన ఫొటో నీకు పంపాను కదా, రేవులోకి ఓడల్ని లాక్కొచ్చే పడవ నడిపి రిటైరైనాయన, భుజం మీద చిలకతో ఉంటాడు. ఆ చిలక రెక్క విప్పి నా మొహం సగం కప్పేసింది, అది వేరే సంగతి. మొన్న ఆయన నా కుట్టు దుకాణానికి వచ్చి, కోటుకి గుండీ వేయించుకుని, "ఒర్తెన్సియా, నీకోసం ఇంకెన్ని గుండీలు ఊడగొట్టుకోమంటావు? పెళ్ళి చేసుకుందాం పద" అన్నాడు. సరే అన్నాను. అరవై ఏళ్ళకి పెళ్ళేమిటని నవ్వుకుంటే నవ్వుకో. డిసెంబరు నాలుగున, చర్చిలో.

చర్చిలో పెళ్ళంటే జ్ఞానస్నానం పత్రం కావాలి. అదీ కొత్తగా రాసిచ్చినదై ఉండాలి, మనకి స్నానం చేయించిన చర్చివాళ్ళే ఇవ్వాలి. అందుకని పువెబ్లాకి రాశాను. అక్కడ కొత్తగా వచ్చిన ఫాదర్ ఉబాల్దో అనే ఆయన జవాబిచ్చాడు. ఈ ఒర్తెన్సియా ఆత్మశాంతికి ప్రతి నెలా మొదటి సోమవారం తానే పూజ చేస్తున్నాడట, చనిపోయినవారి పేరు వాడుకోవడం పాపమట, అయినా నా మీద కోపం లేదట, నా కోసం కూడా ప్రార్థిస్తాడట.

నువ్వు వెళ్ళి సంగతేమిటో కనుక్కో. ఎవరో ఇంకో ఒర్తెన్సియా అయి ఉంటుంది. ఫోన్ మాత్రం చేయకు. ఇబ్బంది మాట రాగానే "వినపడట్లేదక్కా" అని పెట్టేయడం నీకు అలవాటు. ఉత్తరం రాయి.

బతికే ఉన్న నీ అక్క,
ఒర్తెన్సియా


పువెబ్లా,
సెప్టెంబరు 20

అక్కకి నమస్కారం.

పెళ్ళి కబురు విని చాలా సంతోషించాను. ఇక్కడ అగ్నిపర్వతం వారం రోజులుగా బూడిద పోస్తోంది. ఉతికి ఆరేసిన చొక్కా తీసేసరికి మళ్ళీ ఉతుక్కోవాల్సిన స్థితిలో ఉంటోంది. నా మోకాలు వాన వచ్చేముందు నొప్పి పుట్టేది, ఇప్పుడు బూడిదకి కూడా పుడుతోంది. నికానోర్ గారి చిలక మాట్లాడుతుందా? అడిగానని చెప్పు.

ఇక విషయానికి వస్తాను. కూర్చుని చదువు.

బస్టాండులో నా ఉద్యోగం పోయిన సంగతి నీకు తెలుసు. అన్నేళ్ళు మైకులో "వెరాక్రూజ్ వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని చెప్పిన గొంతును తీసేసి, రికార్డు పెట్టెలో ఎవరో ఆడమనిషి గొంతు పెట్టుకున్నారు. నా గొంతుకి పనికొచ్చే పని ఊళ్ళో ఇంకొకటే దొరికింది. యాత్రికులకి ఊరు చూపించే పని అని నీకు రాశాను. అది అబద్ధం కాదు. కాకపోతే చీకటి పడ్డాక చూపిస్తాను, నల్ల అంగీ వేసుకుని, లాంతరు పట్టుకుని, ఏ ఇంట్లో ఏ దెయ్యం ఉందో చెబుతూ.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి దెయ్యం వాళ్ళదే. బావిలో పడ్డ సన్యాసిని ఒకడిది, తల లేని దొర ఇంకొకడిది. ఒకరి దెయ్యాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. కొత్తగా చేరిన నాకు మిగిలింది ఒక గుర్రం. గుర్రం దెయ్యమంటే పిల్లలు ఎక్కుతామని అడుగుతున్నారు. మా యజమానురాలు పిలిచి, "అన్సెల్మో, నీ గొంతు బావుంది, నీ గుర్రం బాలేదు. శుక్రవారంలోగా మంచి దెయ్యాన్ని తెచ్చుకో" అంది.

శుక్రవారం వచ్చింది. జనాన్ని వెంటేసుకుని నడుస్తూ నడుస్తూ మన పాతింటి ముందు ఆగిపోయాను. ఇప్పుడది పళ్ళ డాక్టరు ఆసుపత్రి. పైన బాల్కనీ మాత్రం అలాగే ఉంది. నా నోరు దానంతటదే మాట్లాడింది. ఈ బాల్కనీలో ఒర్తెన్సియా అనే పెళ్ళికూతురు పెళ్ళిబట్టల్లో వరుడి కోసం ఎదురుచూసి, చూసి, తిండీ నీళ్ళూ మానేసి, నిలబడ్డచోటే ప్రాణం విడిచింది అన్నాను. ఇంకో పేరు నోటికి రాలేదక్కా. నొప్పి మాత్రం లేకుండా చంపాను.

అంతటితో పోయేదే. కానీ ఒక సాయంత్రం ఆ గుంపులో దోన్ క్రిసోఫోరో ఉన్నాడు. అవును, నువ్వు చేసుకోవలసిన ఆయనే, మిఠాయి దుకాణం క్రిసోఫోరో. నువ్వు పెళ్ళినాడు తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళిపోయాక నాన్న వాళ్ళింటికెళ్ళి, అమ్మాయికి విషజ్వరం, ఊరికి పంపించాం అని చెప్పి ఆ తర్వాత నోరు విప్పలేదు కదా. ఆయనా మళ్ళీ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత నా కథ విని నా భుజం మీద పడి ఏడ్చాడు. "నేను చర్చిలో నిలబడి ఎదురుచూశానయ్యా. ఆమె ఇంట్లో నిలబడి ఎదురుచూసింది. మాలో ఒక్కరైనా కబురు పంపి ఉంటే" అన్నాడు. వెనకాల జనం చప్పట్లు కొడుతున్నారు.

ఆ పూజలు ఆయనే చేయిస్తున్నాడు. ఇప్పుడు నన్ను బావమరిదీ అని పిలుస్తున్నాడు.

తల వంచుకున్న నీ తమ్ముడు,
అన్సెల్మో


వెరాక్రూజ్ రేవు,
సెప్టెంబరు 27

ఒరేయ్ చెమో,

చంపావు, సరే. ఎప్పటికైనా పోవలసినదాన్నే, నువ్వు కాస్త ముందు పంపావు. దానికి నేను కోప్పడను. ఎదురుచూశానన్నావే, దానికి నా కడుపు రగిలిపోతోంది.

నేను ఎవరికోసం ఎదురుచూశానురా? రేవు కాఫీ హోటల్లో పాలు తేవడం ఆలస్యమైతే లేచి వచ్చేస్తాను. బస్సు ఆలస్యమైతే నడిచి వెళ్ళిపోతాను. ఆ రోజు పెళ్ళిబట్టలు మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, నా కాళ్ళ మీద నేను నడిచి, ఎవడి కోసమూ కాదు, ఎవడితోనూ కాదు, ఒక్కదాన్నే బస్సెక్కాను. నా బతుకులో నేను చేసిన ధైర్యమైన పని అదొక్కటే. దాన్ని తీసేసి, నాకు అన్నం మానిపించి బాల్కనీలో నిలబెట్టావు. ఊళ్ళోవాళ్ళకి రోజూ అది చూపించి టికెట్టు అమ్ముతున్నావు.

క్రిసోఫోరో చెడ్డవాడు కాదు. పెళ్ళికి నెల ముందే దుకాణంలో నేను కూర్చోవలసిన కుర్చీకి దిండు కుట్టించాడు. చాలా మంచి దిండు, అంచుకి కుచ్చులు కూడా ఉన్నాయి. ఆ దిండు చూసి భయపడి పారిపోయాను. నీకు నవ్వొస్తే రానీ.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో విను. నికానోర్‌కి చెబితే కోప్పడతాడనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వి, రేవంతా చాటింపు వేశాడు. ఇప్పుడు దారినపోయేవాళ్ళు లోపలికొచ్చి నా చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూసి పోతున్నారు. చేపలమ్మే ఆవిడ కూతురి గౌను కుట్టించుకుని, "చచ్చినవాళ్ళకి కూలి దేనికమ్మా" అని బేరమాడింది.

నువ్వు చేయవలసినవి చెబుతున్నాను. ఫాదర్ దగ్గరికి వెళ్ళి నన్ను బతికించు. క్రిసోఫోరోకి నిజం చెప్పు. ఆ తర్వాత నీకు ఏ దెయ్యం కావాలంటే ఆ దెయ్యాన్ని పెట్టుకో. గుర్రానికేం తక్కువ?

డిసెంబరు నాలుగు దగ్గరపడుతోంది.

నీ అక్క


పువెబ్లా,
అక్టోబరు 10

అక్కా,

నువ్వు చెప్పినట్టే వెళ్ళాను.

ఫాదర్ ఉబాల్దో కుర్రవాడు. నా మాటలన్నీ విని తల పట్టుకున్నాడు. "అన్సెల్మోగారూ, నా పరిస్థితి ఆలోచించండి. ఆ ఆత్మ కోసం నేను మనస్ఫూర్తిగా ప్రార్థించాను. పోయిన నెల ఆవిడ స్వర్గానికి చేరి ఉంటుందని దోన్ క్రిసోఫోరోకి నేనే చెప్పాను. ఆయన ఆనందం పట్టలేక చర్చి గంటకి కొత్త తాడు వేయించాడు. ఇప్పుడు ఆవిడని కిందికి ఎలా దింపను?" అన్నాడు.

"ఆవిడ పైకి వెళ్ళనే లేదండి" అన్నాను.

"మీరే కదా రోజూ వెళ్ళిందని చెప్పేది. నేను కూడా టికెట్టు కొని విన్నాను. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు" అన్నాడు.

చివరికి ఒక దారి చెప్పాడు. నిన్ను ఎరిగిన ఇద్దరు మనుషులు సాక్ష్యం చెప్పాలి. నేను ఒకణ్ణి. నేను దెయ్యాల మనిషిని కాబట్టి నా మాట సగమే చెల్లుతుందట. రెండోవాడు దోన్ క్రిసోఫోరోయే కావాలట, పూజలు చేయించింది ఆయనే కనుక.

తిన్నగా మిఠాయి దుకాణానికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, ఒట్టు. ఆయన నన్ను చూడగానే, "రా బావమరిదీ, నీకోసమే చూస్తున్నాను" అని లోపలికి తీసుకెళ్ళాడు. కొత్త రకం చిలగడదుంప మిఠాయి చేశాడు. ఊదారంగు వేసి, పైన సోంపు గింజలు అద్ది, కాగితం చుట్టాడు. కాగితం మీద "ఒర్తెన్సియా" అని అచ్చు వేయించాడు. "ఆమెకి సోంపంటే ప్రాణం" అన్నాడు. మృతుల పండుగకి బాల్కనీ కింద నీకోసం బంతిపూలతో బల్ల పేరుస్తాడట, నీ ఆత్మ వచ్చి తినేలా నీకిష్టమైనవన్నీ పెడతాడట. చెబుతుంటే మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. చెప్పవలసిన మాటని మూడు మిఠాయిలతో కలిపి మింగేశాను.

ఇంకో సంగతి ఆలస్యంగా తెలిస్తే తిడతావని ఇప్పుడే చెబుతున్నాను. నీకు గిరాకీ పెరిగింది. మా యజమానురాలు డాక్టరుతో మాట్లాడి ఆ బాల్కనీని సాయంత్రాలకి అద్దెకి తీసుకుంది. ఇత్సెల్ అనే కాలేజీ అమ్మాయికి తెల్లగౌను వేసి అక్కడ నిలబెడుతోంది. అమ్మాయి బుద్ధిమంతురాలు. నీలా సన్నగా ఉంటుంది.

నీ తమ్ముడు


వెరాక్రూజ్ రేవు,
అక్టోబరు 17

చెమో,

నాకు సోంపంటే అసహ్యం. చిన్నప్పటినుంచీ. అమ్మ కడుపునొప్పికి సోంపు నీళ్ళు తాగిస్తే నీ చెప్పుల్లో పారబోసేదాన్ని, మర్చిపోయావా?

నీవల్ల కాదని అర్థమైంది. పండుగనాడు నేనే వస్తున్నాను, నికానోర్ కూడా వస్తాడు. నీలం వానకోటు వేసుకుంటాను. అందరిలా టికెట్టు కొని, గుంపులో నిలబడి, నువ్వు నన్ను చంపగానే చెయ్యెత్తి, "ఆ మనిషిని నేనే" అంటాను. మర్నాడు దుకాణం తెరవాలి కాబట్టి ఆఖరి బస్సుకి వెనక్కి వచ్చేస్తాను.

ఎవరికీ చెప్పకు. నువ్వు చెప్పవులే, నీకు చెప్పడం చేతకాదు.

అక్క


పువెబ్లా,
నవంబరు 4

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వు పైనుంచి చూసినదానికీ నేను కిందనుంచి చూసినదానికీ తేడా ఉంటుంది.

టికెట్ల దగ్గర నీలం వానకోట్ల కోసం వెతికాను. ఆరోజు వాన. ఊరంతా నీలం వానకోట్లే. ఒకావిడ లాంతరు వెలుగులోకి వచ్చి నా మొహంలోకి పట్టిపట్టి చూసింది. నేను, "అమ్మా, కాస్త ముందుకి జరగండి, వెనకవాళ్ళకి దారి ఇవ్వండి" అన్నాను. అది నువ్వేనని తర్వాత తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్ళకి నిన్ను చూసి నేనన్న మొదటి మాట అది.

ఆ రోజే ఇత్సెల్‌కి పన్ను వాచి బుగ్గ బన్నులా పొంగింది. పళ్ళ డాక్టరు బాల్కనీలో నిలబడే దెయ్యానికి పన్ను నొప్పి రావాలా? యజమానురాలు కంగారుపడిపోయి గుంపులో చూసి, నీ చెయ్యి పట్టుకుని, "అమ్మా, మీరు కాస్త పెద్దవారే గానీ చీకట్లో తెలీదు. ఒక్క నిమిషం పైన నిలబడతారా, టికెట్టు డబ్బులు వెనక్కిచ్చేస్తాను" అందట. నువ్వు సరే అన్నావట. నాకేం తెలుసు? నేను కింద నా ధోరణిలో కథ చెబుతున్నాను. "అదిగో, ఒర్తెన్సియా" అని చెయ్యెత్తాను.

పైన నువ్వు. ఆ గౌను నీకు వీపు దగ్గర పట్టలేదు, పైన వానకోటు కప్పుకున్నావు. "నేను బతికే ఉన్నాను. ఎవరికోసమూ ఎదురుచూడలేదు. బస్సెక్కి వెళ్ళిపోయాను" అని అరిచావు. ఆ గొంతు అమ్మ గొంతు.

జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నాయన భార్యతో, "పోయినవారం చూసిన దెయ్యం దీనికంటే నయం. ఇది లావుగా ఉంది, మాట్లాడుతోంది కూడా" అన్నాడు. అవతల నికానోర్ గారు మాత్రం టోపీ తీసి గాల్లో ఊపుతున్నాడు.

బల్ల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తున్న దోన్ క్రిసోఫోరో తలెత్తాడు. ఆయన మొహం నేను చూడలేకపోయాను. టోపీ గుండెకి హత్తుకుని, "చాలాసేపు ఎదురుచూశావా, ఒర్తెన్సియా?" అని అడిగాడు. నువ్వేదో అన్నావు. చప్పట్లలో నాకు వినపడలేదు. యజమానురాలు నన్ను వీపు మీద తోసి, "నడు, నడు, సన్యాసిని బావి దగ్గర జనం ఆగిపోయారు" అంది. వెనక్కి తిరిగి వచ్చేసరికి బాల్కనీ ఖాళీ. నువ్వు లేవు. బస్టాండుకి పరిగెత్తాను. నీ బస్సు వెళ్ళిపోయిందని ఆ పెట్టెలో ఆడమనిషే చెప్పింది.

నువ్వు ఆయనతో ఏమన్నావు?

అన్సెల్మో


వెరాక్రూజ్ రేవు,
నవంబరు 9

తమ్ముడూ,

నిన్ను లాంతరు వెలుగులో చూశాను. జుట్టంతా నెరిసింది. నాన్న లాగే చెవి గోక్కుంటూ మాట్లాడుతున్నావు. నువ్వు నన్ను ముందుకి జరగమన్నప్పుడు నేను జరిగాను. ఏడుపొచ్చింది, అందుకే వెంటనే మాట్లాడలేదు.

క్రిసోఫోరో అడిగినదానికి నిజం చెబుదామనే నోరు తెరిచాను. అంతకుముందే అరిచి చెప్పాను కూడా. కానీ ఆ మనిషి వానలో టోపీ తీసి నిలబడ్డాడు. నెత్తిమీద నాలుగు వెంట్రుకలు తడిసి అంటుకుపోయాయి. "లేదండీ, ఎక్కువసేపు కాదు" అన్నాను. ఎందుకన్నానో అడక్కు. నన్ను నేనే తిట్టుకుంటూ కిందికి దిగాను. ఆయన లేడు, ధూపం తేవడానికి దుకాణానికి వెళ్ళాడన్నారు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కళ్ళు తిరుగుతున్నాయి. బల్ల మీద ఊదారంగు మిఠాయిలు కనబడ్డాయి. నా పేరు నా ఎదుట పెట్టి ఉంటే తినకుండా ఎలా ఉంటాను? ఆ తర్వాత నికానోర్ బస్సుకి టైమైందన్నాడు.

పత్రం రాలేదు, పెళ్ళి దగ్గరికొచ్చింది. ఇక్కడి ఫాదర్, "పత్రం లేకుండా నావల్ల కాదమ్మా, ఈస్టరు దాకా ఆగండి" అంటున్నాడు. ఈస్టరు దాకా ఆగే మనిషినా నేను? నికానోరేమో గుండీలు పీక్కుంటూ కూర్చుంటాడు.

ఒక్క మాట అడుగుతాను, ఈసారైనా తప్పించుకోకుండా జవాబు చెప్పు. నేను వెళ్ళిపోయిన మనిషినని నీకు తెలుసు. వెళ్ళిపోయిన పెళ్ళికూతురు కథ చెబితే జనం వినరా? ఎదురుచూసే పెళ్ళికూతుర్ని ఎందుకు తెచ్చావు? అక్కడ ఎదురుచూసినవాళ్ళు ఎవరురా?

ఒర్తెన్సియా


పువెబ్లా,
నవంబరు 16

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు నీ జ్ఞానస్నానం పత్రం ఉంది. చింపకుండా తెరువు.

దోన్ క్రిసోఫోరో తనంతట తానే నన్ను చర్చికి లాక్కెళ్ళాడు. ఫాదర్ ముందు కుర్చీలో కూర్చుని, "ఆమె బతికే ఉంది, రాసిచ్చేయండి" అన్నాడు.

"మీకెలా తెలుసు? పండుగనాడు కనబడితే ఆత్మే కావచ్చు కదా" అన్నాడు ఫాదర్.

"ఫాదర్, మీరు కుర్రవారు. చచ్చినవాళ్ళు వచ్చి వాసన మాత్రమే తీసుకుంటారు. మా నాన్నకి ఏటా కోడికూర పెడుతున్నాను, ఒక్క ముక్క తగ్గలేదు. నేను ధూపం తెచ్చేసరికి నా బల్లమీద మూడు మిఠాయిలు లేవు. కాగితాలు నీటుగా మడతపెట్టి ఉన్నాయి. పైగా సోంపు గింజలు ఒక్కొక్కటే గిల్లి పళ్ళెం అంచున కుప్ప పెట్టి ఉన్నాయి."

"ఎవరో పిల్లలు తిని ఉంటారు."

"పిల్లలు కాగితాలు మడతపెట్టరు. ఆమె మడత నాకు తెలుసు, పెళ్ళికి ముందు నా దుకాణంలో మిఠాయి తిన్నా కాగితం అలాగే మడిచి పెట్టేది" అని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సోంపు ఆమెకి ఇష్టమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇష్టం మా అమ్మకి. చేసుకోబోయే పిల్లకి ఏమిష్టమో కూడా తెలియనివాణ్ణి. ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు తెలిసింది."

ఫాదర్ పత్రం రాయడానికి కలం తీసి మళ్ళీ ఆగాడు. "మరి నేను చేసిన పూజలు?"

"మా అమ్మకి మళ్ళించండి. ఆవిడకి అవసరమే" అన్నాడు దోన్ క్రిసోఫోరో.

బయటికొచ్చాక నన్ను బావమరిదీ అని పిలవబోయి ఆగి, అన్సెల్మో అన్నాడు. నాకు చాలా బాధేసింది. పెళ్ళికి ఒక పెట్టె మిఠాయిలు పంపుతాడట, సోంపు లేకుండా. "ఎక్కువసేపు కాదు అంది. మర్యాదస్తురాలు" అన్నాడు.

ఇక నువ్వు అడిగింది.

నువ్వు వెళ్ళిననాడు నాకు పన్నెండేళ్ళు. సాయంత్రానికి వచ్చేస్తావనుకున్నాను. బాల్కనీలో నిలబడ్డాను. అమ్మ అన్నానికి పిలిచినా వెళ్ళలేదు. అలా ఎన్నాళ్ళు నిలబడ్డానో నాకు గుర్తులేదు, ఒకరోజు నాన్న వచ్చి బాల్కనీ తలుపు మేకులు కొట్టి మూసేశాడు. పెద్దయ్యాక బస్టాండులో ఉద్యోగం ఉందంటే చేరిపోయాను. వెరాక్రూజ్ నుంచి వచ్చే బస్సు ముందుగా నాకే తెలుస్తుందని. వెళ్ళే బస్సుని రోజూ పిలిచేవాణ్ణి, నేను మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. నేను ఎక్కాక నువ్వొస్తే ఎలాగని భయం.

కథలో నీ పేరు పెట్టానే గానీ, ఆ బాల్కనీలో నిలబడింది నేనే.

ఇప్పుడు కథ మార్చాను. ఇక్కడ ఎవరూ చనిపోలేదు, ఒక అమ్మాయి బస్సెక్కి వెళ్ళిపోయింది, అంతే అని చెబుతున్నాను. ఇత్సెల్ బుగ్గ తగ్గింది గానీ పైన ఎవర్నీ నిలబెట్టవద్దన్నాను. జనం ఖాళీ బాల్కనీ కేసి చూస్తూ మునుపటికంటే ఎక్కువ భయపడుతున్నారు, ఎందుకో నాకు తెలియదు.

నీ చెమో


వెరాక్రూజ్ రేవు,
నవంబరు 22

నా చిన్ని చెమోకి,

పత్రం అందింది. నేను బతికి ఉన్నట్టు మూడు ముద్రలు వేసి మరీ ఇచ్చారు. నికానోర్ దాన్ని అద్దం కట్టిస్తానంటున్నాడు. చిలక "ఒర్తెన్సియా చచ్చింది" అనడం నేర్చుకుంది, ఇప్పుడు మాన్పించడం ఎవరివల్లా కావడం లేదు.

నీ ఉత్తరం దుకాణం తలుపు వేసి చదివాను. ఆ రోజు తెల్లవారుజామున నీ గదిలోకి వచ్చాను రా. నీ కాలు దుప్పట్లోంచి బయటికి వచ్చి ఉంది. కప్పాను. లేపితే ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను వెళ్ళలేను. అందుకని లేపలేదు. బాల్కనీలో ఎవరైనా నిలబడతారని నాకు తట్టనే లేదు. నాకోసం ఎవరూ చూడరనుకునే ధైర్యంగా బస్సెక్కాను.

పెళ్ళిలో నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించడానికి మగదిక్కు కావాలట. నువ్వే. మూడో తారీఖు పొద్దున బస్సు ఎక్కు. ఆ పెట్టెలో ఆడమనిషి పిలవకపోతే నువ్వే గట్టిగా పిలుచుకుని ఎక్కు. నేను ఇక్కడే ఉంటాను, అటు బయలుదేరి రాను, కాబట్టి నువ్వు ఎక్కాక నేనొస్తానేమోనని భయపడకు.

ఇక్కడ బస్టాండు ఎదురుగా కాఫీ హోటలుంది. వాళ్ళు పాలు తేవడం ఎప్పుడూ ఆలస్యమే. నీలం వానకోటు వేసుకుని తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. నీ బస్సు ఎంత ఆలస్యమైనా లేచి వెళ్ళను.

అక్క